ఆది జాకెట్టు మీద ఫిర్యాదులు

రేపల్లె జూనియర్ కాలేజీలో నేను చేరిన రోజున స్టాఫ్ రూములో నాకు చూపించిన కుర్చీ తలుపు వెనక ఉంది. ఎవరు లోపలికి వచ్చినా తలుపు నా మోకాలికి తగిలేది. ఇంకో చోట వేయించమని అడిగితే ఇంగ్లీషు లెక్చరర్ నవ్వి, "మీకెలాగూ మిషను దగ్గర స్టూలు ఉందిగా అండి" అంది. నేను ఒకేషనల్ కోర్సులో కుట్టుపని నేర్పడానికి వచ్చినదాన్ని. ఆ మాట అన్నట్టు ఆవిడకి గుర్తులేదట. నాకు గుర్తుంది. ఆ రోజు ఆవిడ కట్టుకున్న వంకాయరంగు చీర కూడా గుర్తుంది.

మా ఇల్లు తెనాలి. పొద్దున్నే ప్యాసింజరెక్కి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె వస్తాను. లైను అక్కడితో ఆఖరు కాబట్టి కునుకు పట్టినా ఊరు దాటిపోతానన్న భయం లేదు. ఈ రైలుకి ఉన్న మంచి గుణం అదొక్కటే. ఆలస్యంగా వస్తే రిజిస్టర్లో ఎర్ర గీత నాకు పడుతుంది, రైలుకి పడదు. దీని గురించి రైల్వే వాళ్ళకి అర్జీలు పెట్టాను. జవాబు రాలేదు. మళ్ళీ పెడతాను.

మా కోర్సులో చేరే పిల్లల గురించి చెప్పాలి. ఎంపీసీలో, బైపీసీలో సీటు వద్దన్నవాళ్ళు గానీ, రానివాళ్ళు గానీ మా దగ్గరికి వస్తారు. అందరూ ఆడపిల్లలే. కాలేజీ వాళ్ళని 'ఒకేషనల్ బ్యాచ్' అంటుంది. ఆగస్టు పదిహేనుకి బెంచీలు మోయాలన్నా, గెస్టులకి బొకేలు పట్టుకుని నిలబడాలన్నా ఒకేషనల్ బ్యాచ్‌ని పిలవమంటారు. మా ప్రాక్టికల్ గది ఒకప్పుడు సైకిల్ షెడ్డు. గోడకి సైకిళ్ళ హ్యాండిళ్ళు రాసుకున్న గీతలు ఇప్పటికీ ఉన్నాయి. సున్నం వేయించమని అడుగుతూనే ఉన్నాను.

సిలబస్ ప్రకారం మొదటి ఏడాదంతా న్యూస్ పేపరు మీద కటింగు. జాకెట్టు, లంగా, చిన్నపిల్లల గౌను, అన్నీ పేపరు మీదే. బాగా కత్తిరించినదీ, అడ్డదిడ్డంగా కత్తిరించినదీ సాయంత్రానికి ఒకే చెత్తబుట్టలోకి పోతాయి. ఆ సంగతి పిల్లలకి మొదటి నెలలోనే అర్థమైపోతుంది. రెండో నెల నుంచి రావడం తగ్గుతుంది. వచ్చినవాళ్ళు కిటికీ పక్కన సీటు కోసం పోట్లాడుకుంటారు.

పిల్లలకి ఆసక్తి కలిగించడం ఎలా అని మాకు బాపట్లలో ట్రైనింగులు ఇచ్చారు. నవ్వుతూ గదిలోకి వెళ్ళమన్నారు. తప్పు చెప్పినా 'వెరీ గుడ్' అనమన్నారు. రంగు చార్టులు అంటించమన్నారు. అన్నీ చేశాను. నేను నవ్వుతూ గదిలోకి వెళితే ఒక పిల్ల పక్కదాన్ని, "మేడమ్‌కి ఒంట్లో బాగాలేదేమోనే" అని అడిగింది.

పోయిన ఏడాది వానలు తగ్గాక ప్రిన్సిపాల్ గారు పిలిచారు. లెక్కల మాస్టారు ఆయన, కాలేజీకి కొత్తగా వచ్చారు. కూర్చోమనకుండానే మొదలుపెట్టారు.

"మేడమ్, మీ సెక్షన్ని బాపట్ల కాలేజీలో కలిపేద్దామని పైవాళ్ళు చూస్తున్నారు. అక్కడా ఇదే కోర్సు ఉంది. ఇక్కడేమో పిల్లలు రావట్లేదు. చలికాలంలో విజిట్‌కి వస్తారట. గది ఖాళీగా కనపడిందంటే మిషన్లు వ్యాన్లో ఎక్కించుకుపోతారు."

"పిల్లలు సార్?"

"కావాలనుకున్నవాళ్ళు బాపట్ల వెళతారు. మీకేంటి మేడమ్, మీకే సుఖం. తెనాలి నుంచి బాపట్ల మెయిన్ లైను. అన్నీ ఎక్స్‌ప్రెస్సులే. ఈ ప్యాసింజరు బాధ తప్పుతుంది."

ఆయన చెప్పింది నిజమే. నిజమైనంత మాత్రాన అది నేను విని ఊరుకోదగ్గ మాట కాదు. నా క్లాసుకి పిల్లలు రావడంలేదని చెబుతూ, దానికి బహుమతిగా మంచి రైలు ఇస్తామన్నట్టుంది. నేను బాపట్ల వెళ్ళనని చెప్పి వచ్చేశాను.

పంతం ఒక్కటే కాదు. మొదటి ఏడాదిలో ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్నకి బస్టాండు దగ్గర బ్యాగులకి జిప్పులు వేసే చిన్న కొట్టు ఉంది. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే కుటుంబం. ఆ పిల్ల వారానికి రెండుసార్లు వచ్చేది. వచ్చినా కిటికీలోంచి రోడ్డు చూసేది. సెక్షన్ మారుతుందన్న కబురు ఊళ్ళో పాకాక వాళ్ళమ్మ షెడ్డు దగ్గరికి వచ్చింది. గుమ్మం బయటే నిలబడి మాట్లాడింది.

"బాపట్లైతే మానిపించేస్తామండి మేడమ్. మీరేం అనుకోవద్దు."

"బస్సు ఉందిగా అమ్మా, చెరుకుపల్లి మీదుగా."

"బస్సు ఉందండి. వాళ్ళ నాన్న ఒప్పుకోడు. కాలేజీ మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంది కాబట్టే చదువండి. లేకపోతే ఆ టెన్తుతోనే సరి."

ఏడుపూ లేదు, బతిమాలడమూ లేదు. కూరగాయల బేరం తెగినట్టు చెప్పి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి లాంటివాళ్ళు మా దగ్గర ఇంకా ఉన్నారు. సెక్షన్ బాపట్ల పోవడమంటే వాళ్ళ చదువు ఆగిపోవడమే. ఈ ముక్క మరునాడు ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. "అయితే వాళ్ళని రోజూ రమ్మనండి మేడమ్" అన్నారు.

రమ్మంటే వచ్చేవాళ్ళయితే నేనెందుకు చెబుతాను?

ఆయన తన వంతు ప్రయత్నంగా గుంటూరు నుంచి ఒక వక్తని పిలిపించారు. నల్ల కోటు వేసుకుని, చెవి దగ్గర మైకు పెట్టుకుని వచ్చాడు. పెద్ద కలలు కనమన్నాడు. కలలు కనేవాళ్ళంతా చెయ్యెత్తి అరవమన్నాడు. చాలలేదని మళ్ళీ అరవమన్నాడు. మా పిల్లల కోర్సు ఏంటో ఆయన చివరిదాకా అడగలేదు. మధ్యలో ప్రిన్సిపాల్ గారు నావైపు చూసి, సార్‌కి టీ వచ్చిందో లేదో కనుక్కోమన్నారు. హాల్లో అంతమంది లెక్చరర్లుండగా నన్నే అన్నారు. వెళ్ళి కనుక్కున్నాను. టీ వచ్చింది. నాకు రాలేదు.

మర్నాడు షెడ్డుకి అంతకు ముందు వచ్చే పిల్లల్లో సగం కూడా రాలేదు. జిప్పుల కొట్టు అమ్మాయి మాత్రం వచ్చింది.

"నిన్న అంత ఉత్సాహంగా అరిచారు, ఇవాళ ఏమైంది మీకు?" అన్నాను.

"అరిచి అరిచి గొంతులు పోయాయి మేడమ్. అందుకే రాలేదు" అంది.

ఆ శనివారం తెనాలిలో నా జాకెట్టు తీసుకోవడానికి టైలర్ దగ్గరికి వెళ్ళాను. అతనితో నాకు ఏళ్ళ తరబడి గొడవ. ఎప్పుడు కుట్టినా కుడి చంక దగ్గర పట్టేస్తుంది. ఎప్పటిలాగే అక్కడే కొట్టు ముందు నిలబడి అడగాల్సినవన్నీ అడిగాను. అతను కత్తెర పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"ఇంత తిట్టినా నవ్వుతావేంటయ్యా?" అన్నాను.

"మీరు తిట్టబట్టే పని నేర్చుకున్నానక్కా. బాగుంది బాగుంది అన్నోళ్ళు రెండోసారి పక్క కొట్టుకి పోతారు. మీరు మాత్రం మళ్ళీ నా మీదకే వస్తారు" అన్నాడు.

అతను ఎగతాళికే అని ఉండొచ్చు. ఇంటికి నడుస్తూ దాని గురించే ఆలోచించాను. మా షెడ్డులో పిల్లలు కుట్టినదాన్ని వేసుకునే మనిషి లేదు. ఇక్కడ లాగుతోంది, అక్కడ జారుతోంది అని నిలదీసే మనిషి లేదు. నేనొక్కదాన్నే తప్పులు చెబుతాను. నేను ఏం చెప్పినా అది మార్కుల కింద పోతుంది. వాళ్ళకి కావలసింది మెచ్చుకునేవాళ్ళు కాదు, ఫిర్యాదు చేసేవాళ్ళు. ఫిర్యాదు అంటే ఏంటో నాకు తెలుసు. ఎదుటి మనిషి పని చేయగలడని నమ్మితేనే ఫిర్యాదు చేస్తాం. రైల్వే వాళ్ళకి అర్జీ పెడుతున్నానంటే వాళ్ళు ఆ రైలు సరిగ్గా నడపగలరనేగా.

సోమవారం స్టాఫ్ రూములో తలుపు వెనక నుంచి లేచి నిలబడి అడిగాను. ఆడ లెక్చరర్లు తలా ఒక జాకెట్టు గుడ్డ, ఒక ఆది జాకెట్టు ఇవ్వండి, మా పిల్లలు కుడతారు అన్నాను. మా వైపు ఆడవాళ్ళు టేపుతో ఒళ్ళు కొలిపించుకోరు. తమకి సరిపోతున్న పాత జాకెట్టు ఒకటి కొత్త గుడ్డతో పాటు టైలర్‌కి పడేస్తారు. అదే ఆది జాకెట్టు. అది చూసి కుట్టాలి. మా టెక్స్టు పుస్తకంలో మొదటి పాఠం నుంచి చివరి పాఠం దాకా టేపే ఉంటుంది, ఆది మాట ఎక్కడా లేదు. పుస్తకం రాసినవాళ్ళు ఏ ఊళ్ళో జాకెట్టు కుట్టించుకున్నారో నాకు తెలియదు.

"కుట్టుకూలి ఎంతండి?" అని ఒకావిడ అడిగింది.

"కూలి వద్దు. బాగాలేకపోతే బాగాలేదని చెప్పాలి. నాకు కాదు, కుట్టిన పిల్లకి. షెడ్డుకి వచ్చి మొహం మీదే చెప్పాలి."

ఇంగ్లీషు లెక్చరర్ మర్నాడే తెచ్చింది. "ఏదో పాత గుడ్డలెండి, పాడైపోయినా పర్వాలేదు" అంటూ నా ఒళ్ళో పెట్టింది. ఆ మాట కూడా గుర్తుపెట్టుకున్నాను.

ప్రతి పిల్లా ఒక్కో రంగు దారం ఎంచుకుని, తను కుట్టిన జాకెట్టుకి లోపలివైపు నడుం పట్టీ మీద ఆ దారంతో చిన్న కుట్టు వేయాలని పెట్టాను. ఎవరు కుట్టారో దాచడానికి లేదు. జిప్పుల కొట్టు అమ్మాయి నారింజరంగు తీసుకుంది. ఇంగ్లీషు లెక్చరర్ జాకెట్టు ఆమెకే వచ్చింది. ఆ పిల్ల చేతిలో పని ఉంది. చిన్నప్పటి నుంచి నాన్న కొట్టులో జిప్పులు వేయడం చూసి ఉంటుంది, మిషను ఆమె కాలు కింద తిన్నగా నడుస్తుంది. ఆదిని పేపరు మీద పరిచి, అంచు వెంట గీత గీసి, ఉన్నది ఉన్నట్టు దింపేసింది. నాకు చూపిస్తే కుట్టు బాగుందన్నాను. బాగానే ఉంది మరి.

రెండు రోజుల తర్వాత ఇంగ్లీషు లెక్చరర్ ఆ జాకెట్టు వేసుకుని లంచ్ టైములో షెడ్డుకి వచ్చింది. తలుపు దగ్గరికి వేసి, అందరి ముందూ పమిట కాస్త జరిపి, పక్కకి తిరిగి నిలబడింది.

"ఎవరమ్మా నారింజ దారం?"

అమ్మాయి లేచింది.

"ఇటు చూడు. కుడిపక్క ఊపిరాడట్లేదు. ఎడమపక్క ఇంకో మనిషి పడుతుంది. నేనేమన్నా వంకరగా ఉన్నానా?"

పిల్లలు కిసుక్కుమన్నారు. అమ్మాయి మొహం ఎర్రబడింది.

"మీ ఆదిలో అలాగే ఉందండి."

"ఆదిలో ఉంటే? నీకు కళ్ళు లేవా?"

అమ్మాయి గబగబా వెళ్ళి ఆ పాత జాకెట్టు తెచ్చి, లోపలివైపు తిప్పి బల్ల మీద పరిచింది. ఎడమపక్క ఒక వరస కుట్టు విప్పేసి ఉంది. పీకేసిన దారపు ముక్కలు ఇంకా అక్కడే వేలాడుతున్నాయి. కుడిపక్క కుట్టు చెక్కుచెదరలేదు.

"ఇది ఎవరు విప్పారండీ?"

ఇంగ్లీషు లెక్చరర్ వంగి చూసింది.

"నేనే విప్పుకున్నా. పొన్నూరులో పెళ్ళికెళ్ళే హడావిడిలో బిగుతుగా ఉందని. ఒకపక్క విప్పేసరికి ఆటో వచ్చేసింది. రెండోపక్క తర్వాత విప్పుదామనుకున్నా."

"ఎప్పుడండీ ఆ పెళ్ళి?"

"మావాడు అప్పుడు టెన్త్. ఇప్పుడు బీటెక్ మూడో ఏడు."

షెడ్డంతా నవ్వింది. ఆవిడా నవ్వింది. కానీ నవ్వాపి ఆ అమ్మాయితో, "అయినా సరే. నేను టైలర్ని కాదు, నాకు గుర్తుండదు. కుట్టేది నువ్వు. అడగాల్సింది నువ్వే" అంది.

ఆవిడ మాట సరైనదే. ఆవిడ నోటి నుంచి వచ్చింది కాబట్టి నాకు రుచించలేదు గానీ, సరైనదే.

ఆ జాకెట్టు విప్పి మళ్ళీ కుట్టాలి. మర్నాడు నేను షెడ్డు తాళం తీసేసరికి ఆ అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆ మర్నాడూ వచ్చింది. వారానికి రెండు రోజులు వచ్చే పిల్ల.

"ఏంటమ్మా, రోజూ వచ్చేస్తున్నావు?" అన్నాను.

"అందరి ముందూ అంది కదా మేడమ్. నాకు కళ్ళు లేవా అంది. నేను మర్చిపోను" అంది, కుట్టు మీంచి తల ఎత్తకుండా.

ఆ పిల్లలో నా పోలిక అంతకు ముందు నాకు కనిపించలేదు. ఆ రోజుతో ఆ పిల్ల నాకు బాగా అర్థమైంది.

రెండోసారి సరిగ్గా కుదిరింది. ఇంగ్లీషు లెక్చరర్ వేసుకుని చూసి, "ఇప్పుడు మెడ కొంచెం పైకి వచ్చినట్టుంది" అని మాత్రం అని వెళ్ళిపోయింది. అమ్మాయి నావైపు తిరిగి, "మెడ ఆదిలో ఉన్నంతే ఉంది. ఆవిడకి ఇంకా కిందకి కావాలేమో, అడగలేదు నేను" అంది. తర్వాత ఎవరు ఆది తెచ్చి ఇచ్చినా అది చేతిలోకి తీసుకునే ముందు ఒకే ప్రశ్న వేసేది.

"ఇందులో మీకు నచ్చనిదేంటండి?"

ఆ ప్రశ్న నేను నేర్పలేదు. మిగతా పిల్లలు ఆమెని చూసి పట్టుకున్నారు. ఆడవాళ్ళని ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు ఇంతవరకు. ఒకసారి అడిగితే చాలు, చేతులు కురచ దగ్గర్నుంచి మొదలుపెట్టి హుక్కులు ఊడిపోవడం, చంక కింద ముడతలు, భుజాలు జారడం, ఫలానా ఊళ్ళో ఫలానా టైలర్ పండక్కి ఇస్తానని ఎగ్గొట్టడం, అన్నీ చెప్పేవారు. పిల్లలు స్టూళ్ళు దగ్గరికి లాక్కుని వినేవారు. లెక్చరర్ల తర్వాత ఆఫీసులో పనిచేసే ఆవిడ వచ్చింది. తర్వాత కాలేజీ వెనక వీధి ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళ కోసం మధ్యాహ్నం గేటు తీయమని వాచ్‌మన్‌తో గొడవపడ్డాను. నాకు రెండు రోజులు పట్టింది, తీశాడు.

హాజరు గురించి ఇక నేను ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది. పిల్ల రాకపోతే గుడ్డ ఇచ్చిన ఆవిడే, "నా జాకెట్టు పిల్ల ఏదమ్మా?" అని వాకబు చేసేది. పేపరు కటింగు ఇప్పుడు ఒక పూటలో అయిపోయేది. ఎందుకంటే రేపు ఆ గీత మీదే గుడ్డ కత్తిరించాలి, ఎల్లుండి ఆ గుడ్డ వేసుకుని ఒక మనిషి వస్తుంది.

అందరికీ ఇది పడలేదని కూడా రాయాలి. భట్టిప్రోలు నుంచి రైల్లో వచ్చే పిల్ల ఒకతె, ఒకావిడ రెండు మాటలనేసరికి ఏడ్చి, వారం రోజులు రాలేదు. రైల్లో కనపడితే పక్కన కూర్చోబెట్టుకుని, కటింగు వద్దులే, కాజాలు నువ్వు చూడు అన్నాను. కాజాలంటే హుక్కులు తగిలించే రంధ్రాలు. వాటి మీద ఫిర్యాదు చేసేంత దగ్గరగా ఎవరూ చూడరు. ఆ పిల్ల కాజాలతోనే తిరిగి వచ్చింది. ఒక్కోళ్ళని ఒక్కోలా రప్పించాలి. ఈ సంగతి ట్రైనింగుల్లో చెప్పరు.

విజిట్ రోజున ప్రిన్సిపాల్ గారు పొద్దున్నే షెడ్డుకి వచ్చారు. పిల్లల్ని వరసలో కూర్చోబెట్టి, మీ లక్ష్యమేంటి అని అడిగితే 'ఫ్యాషన్ డిజైనర్' అని గట్టిగా చెప్పాలని రెండుసార్లు అనిపించారు. బల్లల మీద గుడ్డలన్నీ తీసేయించారు, చూడ్డానికి చెత్తగా ఉందని. ఊళ్ళో ఆడవాళ్ళని ఆ పూట రానివ్వద్దని గేటు వేయించారు. గేటు కోసం నేను పడ్డ గొడవ ఆయనకి తెలియదు.

బాపట్ల నుంచి వచ్చిన అధికారి ఒక మహిళ. జిల్లాలు మారాక మా రేపల్లె వాళ్ళందరికీ పెద్ద ఆఫీసులు బాపట్లలోనే. ఆవిడ పొద్దున్నుంచి తిరిగి అలిసిపోయినట్టున్నారు. ప్రిన్సిపాల్ గారు అందర్నీ పరిచయం చేసి, చివర్లో నావైపు చెయ్యి చూపించి, "ఈవిడ కుట్టు మేడమ్" అన్నారు. పేరు చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

ఆవిడ వరసగా పిల్లల్ని చూసుకుంటూ జిప్పుల కొట్టు అమ్మాయి దగ్గర ఆగారు.

"నీ పేరేంటి? ఈ కోర్సు చదివి ఏమవుదామని?"

అమ్మాయి పేరు చెప్పింది. రెండో ప్రశ్న వదిలేసి ఆవిడ భుజం వైపు చూస్తోంది.

"చెప్పమ్మా" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"మేడమ్, మీ కుడి భుజం జారుతోంది కదండీ?"

"ఏయ్" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆవిడ చెయ్యి దానంతట అదే భుజం మీదకి వెళ్ళింది.

"కనపడుతోందా?"

"కనపడట్లేదండి. మీరు వచ్చిన దగ్గర్నుంచి సర్దుకుంటున్నారు. లోపల పిన్ను పెట్టుకున్నారా అండి?"

ఆవిడ ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగి, "సార్, మీరు ఆఫీసులో ఉండండి, నేను వస్తాను" అన్నారు. ఆయన వెళ్ళారు. వెళుతూ నావైపు చూసిన చూపు నా లెక్కలో ఉంది.

ఆవిడ ఒక స్టూలు లాక్కుని కూర్చున్నారు. "రెండు పిన్నులు పెట్టాను. పొద్దున్న జీపు దిగేటప్పుడు ఒకటి గుచ్చుకుంది" అన్నారు.

"అదొక్కటేనా అండి, ఇంకా ఏమన్నా నచ్చలేదా?" అంది అమ్మాయి.

అంతే. ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. ఏ జాకెట్టు కుట్టించినా భుజం జారుతుందని, ఎంతమంది టైలర్లని మార్చినా అంతేనని, మీటింగుల్లో మాట్లాడుతుంటే మనసంతా భుజం మీదే ఉంటుందని చెప్పారు. పిల్లలు వరస తప్పి చుట్టూ చేరారు. వెనక మెడ ఎంత లోతండి, ఆది ఎప్పటిదండి, అది కుట్టించాక సన్నబడ్డారా అండి, ఒకరి మీద ఒకరు అడుగుతున్నారు. "ఆపరేషన్ అయ్యాక చాలా తగ్గాను. ఆది మాత్రం అంతకు ముందుదే" అన్నారావిడ. అని, ఆగి, తనే నవ్వారు. ఆ నవ్వు చూశాక ఇంక ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. ఆఫీసులో టీ చల్లారిపోయిందని రెండుసార్లు కబురొచ్చింది.

వెళ్ళేముందు ఆవిడ హాజరు చూశారు. గోడ మీద సైకిల్ గీతలు చూశారు. మంచి మాట గానీ చెడ్డ మాట గానీ చెప్పలేదు. జీపెక్కి వెళ్ళిపోయారు.

తర్వాత రెండు వారాలు మాకు ఏ కబురూ లేదు. ప్రిన్సిపాల్ గారు నాతో మాట్లాడటం మానేశారు. పిల్లలు కుడుతూనే ఉన్నారు గానీ వ్యాను చప్పుడైతే తలెత్తి గేటు వైపు చూసేవారు. జిప్పుల కొట్టు అమ్మాయి తల్లి మళ్ళీ వచ్చి, "ఏమైందండి, వచ్చే ఏడు పుస్తకాలు కొనాలా వద్దా?" అని అడిగింది. తెలియదన్నాను.

ఒక మధ్యాహ్నం బాపట్ల ఆఫీసు నుంచి ఏవో కాగితాలు పట్టుకొచ్చిన అటెండర్ షెడ్డుకి వచ్చి ఒక సంచీ ఇచ్చాడు. అధికారి గారు పంపించారట. తీసి చూస్తే ముదురాకుపచ్చ జాకెట్టు గుడ్డ. ఆది కోసం సంచీ తిరగేశాను. లేదు.

"ఆది మర్చిపోయారయ్యా మీ మేడమ్" అన్నాను.

"మర్చిపోలేదండి. ఆది వద్దట. నెలాఖరులో ఇటొచ్చినప్పుడు టేపుతో కొలిపించుకుంటానని చెప్పమన్నారు."

అటెండర్ వెళ్ళాక అమ్మాయి ఆ గుడ్డని బల్ల మీద పరిచి అంచు చూసింది. "సెక్షన్ ఉంచుతున్నారు మేడమ్" అంది.

"నీకెవరు చెప్పారు?"

"ఎత్తేసే కొట్టుకి ఎవరన్నా గుడ్డ ఇస్తారా మేడమ్?"

జిప్పుల కొట్టులో పెరిగిన పిల్ల. ఆమె చెప్పినట్టే ఆర్డరు వచ్చింది. సెక్షన్ రేపల్లెలోనే ఉంటుంది. కాకపోతే మోటారుతో నడిచే రెండు మిషన్లు బాపట్లకి పోయాయి, కాలితో తొక్కేవి మాకు మిగిలాయి. దాని మీద నేను రాసిన అర్జీ ఇంకా నడుస్తోంది. సెక్షన్ ఎందుకు ఉంచారో నాకెవరూ చెప్పలేదు. స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ గారు మాత్రం గుంటూరు వక్త ప్రసంగం వల్ల ఒకేషనల్ పిల్లల్లో వచ్చిన మార్పు అన్నారు. ధన్యవాదాలు చెప్పే పని ఇంగ్లీషు లెక్చరర్‌కి ఇచ్చారు. ఆవిడ వాచ్‌మన్‌తో సహా అందరికీ చెప్పింది. నాకు చెప్పలేదు. లేచి నిలబడి అడిగాను.

"మీకు వేరే చెప్పాలా అండి?" అంది ఆవిడ. "మీ పిల్లలకి ఇప్పటికి నాలుగు జాకెట్లిచ్చాను, నాలుగిట్లోనూ తప్పులు పట్టాను. అంతకన్నా ఏం చేయమంటారు?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. స్టాఫ్ రూములో ఆ తలుపు వెనక కుర్చీలో కూర్చోవడం మాత్రం అప్పటి నుంచి మానేశాను. షెడ్డులో మిషను దగ్గర స్టూలు మీదే కూర్చుంటున్నాను.

జిప్పుల కొట్టు అమ్మాయి ఇప్పుడు రెండో ఏడాది. నాలుగు వీధులు నడిచి రోజూ వస్తోంది. పోయిన నెల తెనాలి టైలర్‌ని వదిలేసి నా గుడ్డ కూడా ఆమెకే ఇచ్చాను, ఆదితో పాటు. ఆదిని తిప్పి తిప్పి చూసింది.

"మేడమ్, ఇందులో మీకు నచ్చనిదేంటండి?"

"చంక. కుడి చంక దగ్గర పట్టేస్తుంది. ఏళ్ళ నుంచి చెబుతున్నా, ఆ టైలర్‌కి చేతకాలేదు."

"ఎన్నేళ్ళదండి ఈ ఆది?"

చెప్పాను.

"అయితే అతని తప్పు కాదు మేడమ్. ఈ జాకెట్టు సరిపోయినప్పుడున్న మనిషి వేరు. మీరు లావయ్యారు" అంది.

అందరి ముందూ అంది. కాజాల పిల్లతో సహా అందరూ తలలు వంచుకుని నవ్వుకున్నారు. నేను ఆ మాట మర్చిపోను, ఆ సంగతి ఆ పిల్లకీ తెలుసు. టేపు తెచ్చి, చెయ్యెత్తమని, కొలిచింది.

ఇవాళ పొద్దున్న ఆ జాకెట్టు వేసుకుని రైలెక్కాను. భట్టిప్రోలు దాకా చెయ్యి పైకెత్తి హ్యాండిల్ పట్టుకునే నిలబడాల్సి వచ్చింది. చంక పట్టలేదు. షెడ్డులో అడుగుపెట్టేసరికి అమ్మాయి మిషను ఆపి, నన్ను కిందా మీదా చూసి, వేళ్ళకి అంటిన నారింజ దారపు పోగులు దులుపుకుంటూ ఎదురుగా వచ్చి నిలబడింది.

"చెయ్యి పొడవు ఎక్కువైంది" అన్నాను.

"సరేనండి" అంది. కదల్లేదు. "ఇంకా?"